మీ ఇష్టం అక్కా

దమయంతి చేతుల మీదుగా ఈ లోకంలోకి వచ్చిన పిల్లలందరినీ ఒకచోట నిలబెడితే జగిత్యాలలో ఒక హైస్కూలు నిండిపోతుంది. పదకొండేళ్లు ప్రభుత్వాసుపత్రి లేబర్ రూమ్‌లో స్టాఫ్ నర్సుగా చేసిన మనిషి ఆమె. ఎదురుకాళ్లతో వచ్చిన బిడ్డలను చూసింది, మెడకు పేగు చుట్టుకున్న బిడ్డలను చూసింది, ఆసుపత్రి గేటు దగ్గర ఆటోలోనే పుట్టేసిన బిడ్డలను కొంగుతో చుట్టి లోపలికి మోసుకొచ్చింది. అలాంటి మనిషికి, ముప్పై ఎనిమిదో ఏట, ఎడ్మంటన్‌లోని ఒక మిడ్‌వైఫరీ క్లినిక్‌లో, ఆమెకంటే తొమ్మిదేళ్లు చిన్నదైన, కాన్పుల పని నేర్పి మార్కులు వేసే ప్రేరణ ఒక కాగితం చేతిలో పెట్టింది. అందులో ఒక వరుస ఎదురుగా "అంచనాను అందుకోలేదు" అని ఉంది.

చేతి పని, మందులు, రికార్డులు, అత్యవసరం వచ్చినప్పటి తెలివి, వీటన్నిటికీ మంచి మాటలే రాసింది. తప్పిందల్లా "నిర్ణయం క్లయింటుది" అన్న వరుసలో. అయితే ఇక్కడ ఆ ఒక్క వరుస తప్పితే అన్నీ తప్పినట్టే లెక్క. నాలుగేళ్ల చదువులో, క్లినిక్‌లో పని చేస్తూ నేర్చుకోవాల్సిన ఆఖరి ప్లేస్‌మెంటు. మిగిలిన ఆరు వారాల్లో అది సరిదిద్దుకోకపోతే ఏడాదంతా మళ్లీ చదవాలి.

మళ్లీ చదవడానికి దమయంతి దగ్గర ఇంకో ఏడాది లేదు. ఈ నాలుగేళ్లూ ఇల్లు, వంట, కూతురు ఇషిత బడి అన్నీ భర్త ప్రణీత్ ఒక్కడే లాక్కొచ్చాడు. ఆయిల్ కంపెనీ ఉద్యోగంలో వచ్చిన ప్రమోషన్‌ను ఊరు మారాల్సి వస్తుందని వదులుకున్నాడు. ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఎత్తి ఉంటే పోట్లాడి మరిచిపోయేది. ఎత్తకపోవడంతో అది ఆమె గుండెల్లోనే ఉండిపోయింది.

అసలు ఈ చదువులోకి వచ్చేటప్పుడు దమయంతి అనుకున్నది ఒకటి, అయినది ఒకటి. తనకు తెలియని కాన్పు ఏముంటుంది, సర్టిఫికెట్ కోసం కూర్చోవడమే కదా అనుకుంది. మొదటి ఏడాదే తల ప్రాణం తోకకొచ్చింది. శరీర శాస్త్రం ఒకవైపు, స్త్రీల చరిత్ర మీద ఇరవై పేజీల వ్యాసాలు ఒకవైపు. ప్రతి వారం "ఈ అనుభవం మీలో ఏ భావం కలిగించింది" అని రాయమనేవారు. ఆకలి, నిద్ర అని రాస్తే మార్కులు పడవని త్వరగానే తెలిసింది. పేషెంటు అన్న మాట వాడకూడదు, కడుపుతో ఉండటం జబ్బు కాదు కాబట్టి క్లయింటు అనాలి. ఇంకా పెద్ద నియమం ఇంకొకటి ఉంది. మిడ్‌వైఫు ఏదీ చెయ్యమని చెప్పదు. ఉన్న దారులన్నీ, వాటి మంచిచెడ్డలన్నీ ఆ తల్లి ముందు పెడుతుంది. ఎంచుకోవడం తల్లి పని.

తెల్లవాళ్లతో దమయంతికి ఆ నియమం సులువుగానే పట్టుబడింది. ఇంగ్లీషులో వరసగా చెప్పడం కంఠతా వచ్చేసింది. వాళ్లు కూడా ఇది కావాలి, అది వద్దు అని మొహం మీదే చెప్పేవాళ్లు. పప్పులో కాలేసింది స్వీటీ దగ్గర.

స్వీటీది ఖమ్మం. ఇరవై ఆరేళ్లు. కాలేజీలో చదవడానికి వచ్చి, అక్కడే చదివే రేవంత్‌ను పెళ్లి చేసుకుని, ఇప్పుడు వర్క్ పర్మిట్ మీద ఒక కిరాణా గోదాములో పనిచేస్తోంది. క్లినిక్‌లో తెలుగు మాట వినపడగానే ఆ పిల్ల దమయంతిని అక్కను చేసేసుకుంది. ముప్పై ఆరో వారంలో అడగాల్సిన ప్రశ్న ఉంటుంది, కాన్పు ఇంట్లో కావాలా, హాస్పిటల్లోనా అని. దమయంతి అడిగింది. "మీ ఇష్టం అక్కా" అంది స్వీటీ. దమయంతి కాగితం మీద "క్లయింటు హాస్పిటల్‌ను ఎంచుకుంది" అని రాసేసింది. అందులో ఆమెకు తప్పేమీ కనిపించలేదు. పదకొండేళ్లు ఆ మాట విని, ఆ మాటను బట్టే నడిచిన మనిషి.

మరుసటి వారం ప్రేరణ ఆ కాగితం చూసి, హాస్పిటల్ ఎందుకు అనుకున్నావని స్వీటీనే ఇంగ్లీషులో అడిగింది. అక్క రాశారు కదా, అక్క ఎలా అంటే అలా అంది స్వీటీ. పోనీ నీకు ఇంట్లో కావాలనుందా అని అడిగింది ప్రేరణ. ఏదైనా పర్వాలేదంది. ఆ సాయంత్రమే కాగితం మీద ఆ వరుస పడింది.

ప్రేరణ చెడ్డది కాదు. ఆమెది బ్రిటిష్ కొలంబియా. వాళ్ల పెద్దవాళ్లు ఎప్పుడో విశాఖ వైపు నుంచి ఫిజీ చెరకు తోటలకు వెళ్లినవాళ్లు. ఆమెకు మిగిలిన తెలుగు మూడే మాటలు, అమ్మ, నీళ్లు, పో. మేడమ్ అనొద్దని మొదటి రోజే చెప్పింది కానీ, తనను దిద్దే మనిషిని పేరు పెట్టి పిలవడానికి దమయంతికి నోరు రాదు. అందుకని నాలుగు నెలలుగా ఏమీ పిలవకుండానే నెట్టుకొస్తోంది. కాగితం ఇచ్చేటప్పుడు ప్రేరణ కళ్లలో నీళ్లు తిరగడం చూసి దమయంతికి ఇంకా ఒళ్లు మండింది.

అదే వారం శనివారం ఒక లైబ్రరీ హాల్లో, ఈ చదువులో చేరాలనుకునేవాళ్ల కోసం యూనివర్సిటీ వాళ్లు ఒక సభ పెట్టారు. చివరి ఏడాది విద్యార్థిగా మాట్లాడటానికి దమయంతి రెండు నెలల కిందే ఒప్పుకుంది. ఇప్పుడు తప్పించుకుంటే బాగుండదు. అరవై మంది దాకా వచ్చారు. బొద్దు పాపాయిల బొమ్మలున్న కరపత్రాలు పట్టుకుని ముద్దుగా కూర్చున్నారు. వాళ్లను చూస్తే దమయంతికి జాలేసింది.

ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. సీట్లు కొన్నే, అడిగేవాళ్లు వందల్లో. బయాలజీ, కెమిస్ట్రీ ముందే చదివి ఉండాలి. సొంత కారు, మంచు టైర్లు లేకపోతే ప్లేస్‌మెంటు జరగదు. ప్లేస్‌మెంటు ఇంటికి దగ్గర్లోనే పడుతుందని ఎవరూ మాటివ్వరు. ఆన్ కాల్‌లో ఉన్నప్పుడు, అంటే ఎప్పుడు పిలిస్తే అప్పుడు పరుగెత్తాల్సిన రోజుల్లో, ఫోను స్నానాల గదిలోకి కూడా వెంట రావాలి. నలభై కాన్పులకైనా మీరే బాధ్యత తీసుకోవాలి, ఆ నలభయ్యీ మీకు వీలైన రోజున రావు. కూతురి పదో పుట్టినరోజున కేకు కోసే వేళకు తను ముప్పై కిలోమీటర్ల దూరంలో ఎవరి నడుమో రుద్దుతూ ఉన్నానని చెప్పింది. బిడ్డలను ఎత్తుకోవడం ఇష్టమని మాత్రమే వస్తే రావద్దని, బిడ్డ మీ చేతుల్లో ఉండేది రెండు నిమిషాలేనని, మిగతా తొమ్మిది నెలలూ తల్లితోనే పని అని చెప్పింది.

వెనక వరసలో ఒక అమ్మాయి లేచి, మీరెప్పుడైనా తప్పారా అని అడిగింది.

మొన్న గురువారమే అని చెప్పింది దమయంతి. హాలు నవ్వింది. ఆమె నవ్వకపోవడం చూసి ఆగిపోయింది.

ఆ అమ్మాయి పేరు నిఖిల. నల్గొండ పిల్ల, అక్కడ బీఎస్సీ నర్సింగ్ చేసి, రెజైనాలో వృద్ధుల హోమ్‌లో పని చేస్తోంది. ఈ సభ కోసం ఎనిమిది గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చిందట. అంత దూరం నుంచి వచ్చిన తెలుగు పిల్లను శాండ్‌విచ్ తిని పొమ్మనడానికి దమయంతికి మనసొప్పలేదు. ఇంటికి భోజనానికి తీసుకెళ్లింది.

పప్పుచారు, బెండకాయ వేపుడు, కోడికూర. కోడికూర గిన్నె పట్టుకుని దమయంతి పక్కన నిలబడితే నిఖిల చాలక్కా అంది. ఇంకో ముక్క వేసుకో అంటే, అయ్యో కడుపు నిండిపోయిందక్కా అంది. మూడోసారి ఊరికే గరిటె పట్టుకుని అలాగే నిలబడితే, సరే ఒక్క ముక్క అని, రెండు ముక్కలు వేయించుకుని ఎముక దాకా చప్పరించింది. పెరుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మొదటిసారికే కంచం మీద చెయ్యి పెట్టి, నాకు పడదక్కా అంది. ఆ గొంతు వేరు. దమయంతి పెరుగు వెంటనే పక్కన పెట్టేసింది.

పెట్టేసి, గరిటెతో అలాగే నిలబడిపోయింది. తన ఇంట్లో, తన వంటగదిలో, మర్యాదకు అన్న మాట ఏదో, మనసులో మాట ఏదో తనకు ఇంత బాగా తెలుసు. చాలు అన్న మొదటి మాటను పట్టుకుని గిన్నె ఎత్తుకుపోయే ఇల్లాలిని నలుగురూ ఏమంటారో కూడా తెలుసు. మరి స్వీటీ "మీ ఇష్టం అక్కా" అన్నప్పుడు ఆ తెలివి ఎక్కడికి పోయింది? తను గిన్నె ఎత్తుకుపోవడమే కాదు, ఆ పిల్ల తినాల్సింది కూడా తనే తినేసింది. ప్రేరణ కూడా ఒక్కసారే అడిగి ఊరుకుంది. పుస్తకంలో అలాగే ఉంది మరి. దమయంతికి సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకే, ఇది తనకు తప్ప ఆ క్లినిక్‌లో ఇంకెవరికీ తెలియని విద్య అన్న ధీమా కూడా వచ్చింది.

బుధవారం స్వీటీ ఇంటికి వెళ్లే విజిట్ ఉంది. అడ్రసు మిల్‌వుడ్స్‌లో ఒక ఇంటి బేస్‌మెంటు. ప్రేరణ ఒక మూల కుర్చీలో కూర్చుంది. దమయంతి కింద కార్పెట్ మీద స్వీటీ పక్కన కూర్చుని, కాన్పు ఇంట్లో అయితే ఎలా ఉంటుంది, హాస్పిటల్లో అయితే ఎలా ఉంటుంది, దేనిలో ఏ ఇబ్బంది రావచ్చు, వస్తే ఏం చేస్తారు, అంతా తెలుగులో తీరిగ్గా చెప్పి, ఏది కావాలని అడిగింది.

"మీ ఇష్టం అక్కా" అంది స్వీటీ.

ఇది నా ఒంటికి సంబంధించింది కాదు కదా, నీ మనసులో ఏముందో చెప్పు అని మళ్లీ అడిగింది. మీకు ఏది ఈజీ అయితే అదే అక్కా అంది స్వీటీ. మూలన కూర్చున్న ప్రేరణ కాలు మార్చుకుని కూర్చుంది. అడిగిందే అడగడం ఒత్తిడి చేయడమని ఈ చదువులో మొదటి ఏడాదే నేర్పుతారు. దమయంతి ఆమె వైపు చూడలేదు. టీ తాగింది. కప్పు పక్కన పెట్టి, నాకు ఈ రోజు ఇంకో పని లేదు, నువ్వు చెప్పేదాకా కూర్చుంటా అని, నిజంగానే కూర్చుంది.

చాలాసేపటికి స్వీటీ కార్పెట్ వైపు చూస్తూ మాట్లాడింది. నిరుడు మూడో నెలలో ఒక కడుపు పోయింది. అది పోయింది ఆ హాస్పిటల్లోనే. కడుపు పోయిన సంగతి ఫైల్లో ఒక్క లైనులో ఉంది, ఎవరూ దాని గురించి అడగలేదు, తనూ చెప్పలేదు. "ఆ లిఫ్ట్ మళ్లా ఎక్కలేనక్కా. బటన్ చూస్తేనే అదంతా యాదికొస్తది. ఇంట్లనే కావాలె నాకు" అంది. అని, తప్పు చేసినదానిలా వెంటనే, మీకు కష్టం కాకపోతేనే అంది.

తిరిగి వస్తూ కారులో ప్రేరణ సూటిగానే అడిగింది, మూడుసార్లు ఎందుకు అడిగావని. దమయంతి నీళ్లు నమలలేదు. మా దగ్గర మొదటిసారి వచ్చేది జవాబు కాదు, మర్యాద అని చెప్పింది. పెద్దవాళ్ల ముందు నాకు ఇది కావాలి అనడం పొగరు అని చిన్నప్పటి నుంచీ నేర్పి పెంచుతారు; ఒక్కసారి అడిగి వదిలేస్తే ఆ మర్యాదను రాసుకుని వచ్చినట్టే, మనిషిని అడిగినట్టు కాదు అని చెప్పింది. తను చేసిన తప్పు అదేనని కూడా ఒప్పుకుంది. ప్రేరణ, తన నాయనమ్మ కూడా రొట్టె వద్దు వద్దంటూనే నాలుగు తినేదని గుర్తు చేసుకుంది. అయినా వరుస మార్చలేదు. ఇంట్లో కూర్చుని అడగడం వేరు, నొప్పుల మధ్య అడగడం వేరు, కాన్పు రోజు చూస్తాను అంది.

కాన్పు రోజు పదకొండు రోజుల తర్వాత వచ్చింది. ఉదయం ఎనిమిది. బయట మైనస్ ఇరవై ఏడు. బేస్‌మెంటు కిటికీ సగం వరకు మంచు. రేవంత్ ఎందుకో తెలియకుండానే ఇంట్లో ఉన్న గిన్నెలన్నిటిలోనూ నీళ్లు కాచిపెట్టాడు. నియమం ప్రకారం వచ్చిన రెండో మిడ్‌వైఫు వంటగదిలో సామాన్లు సర్దుకుంటోంది. ప్రేరణ గోడకు ఆనుకుని నిలబడింది. ఈ రోజు నడిపేది దమయంతే.

పదింటికి గర్భాశయ ద్వారం పూర్తిగా తెరుచుకుంది. పదకొండైనా బిడ్డ కిందికి దిగలేదు. స్వీటీ మంచం మీద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని, మంచం పట్టీ పట్టుకుని అలసిపోతోంది. బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటోంది, నిమిషానికి నూట నలభై. తొందరేమీ లేదు. అయినా దమయంతి నాలుక చివర పదకొండేళ్ల జగిత్యాల వచ్చి కూర్చుంది. అక్కడైతే ఈపాటికి గట్టిగా అరిచేది, పడుకో, ముక్కు, నోరు మూసుకో, ఇంకా గట్టిగా అని. ఇక్కడ ఏం చెయ్యాలో కూడా ఆమెకు తెలుసు. లేచి నిలబడితే బిడ్డ దిగుతుంది. లే అని ఒక్క మాటంటే స్వీటీ లేస్తుంది. పది నిమిషాల్లో పనైపోతుంది, ఏడాది మాత్రం పోతుంది. ఆ భయం కాసేపే ఉంది. ఆ పిల్ల మొహం చూశాక అది కూడా పోయి, ఈ పిల్ల ఏమనుకుంటోందో తెలుసుకోవాలన్న పంతం ఒక్కటే మిగిలింది.

నొప్పి తగ్గిన సందులో దమయంతి వంగి చెప్పింది. ఇలాగే పడుకోవచ్చు, పక్కకు తిరగొచ్చు, లేచి నిలబడొచ్చు, కావాలంటే హాస్పిటల్‌కు పోవచ్చు. నిలబడితే బిడ్డ దిగడం సులువని కూడా దాచకుండా చెప్పి, ఏం చేద్దామని అడిగింది.

"మీ ఇష్టం అక్కా, నాకేం తెలుసు" అంది స్వీటీ.

మీరే ఏదో ఒకటి చెయ్యండక్కా అని రేవంత్ బతిమాలాడు. ఇంకో నొప్పి వచ్చి పోయింది. దమయంతి గుండె చప్పుడు మళ్లీ విని, మళ్లీ అడిగింది. స్వీటీ తల అటూ ఇటూ ఊపింది. గోడ దగ్గర ప్రేరణ చేతులు కట్టుకుంది. మూడో నొప్పి పోయాక, చెమట తుడుస్తూ, అదే గొంతుతో, నీకు ఎలా ఉండాలనుంది అని మూడోసారి అడిగింది దమయంతి.

స్వీటీ కళ్లు తెరిచింది. ఆ కళ్లలో కోపం ఉంది. "ఎన్నిసార్లు అడుగుతవక్కా? లేపు నన్ను. ఈ మంచం నాకొద్దు" అంది.

లేపారు. రేవంత్ మెడ చుట్టూ చేతులు వేసి రెండు నొప్పులు నిలబడింది. తర్వాత తనంతట తనే కిందికి జారి, సోఫాను పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుంది. పక్కకు జరగమని రేవంత్‌కు చెప్పింది. లైటు ఆర్పమని చెప్పింది. ఎవరూ మాట్లాడొద్దని చెప్పింది. నోరు తెరిచి ఇన్ని మాటలు ఆ పిల్ల అన్నది ఈ నెలలన్నిటిలో మొదటిసారి. కిటికీ మంచులోంచి వచ్చే వెలుగులో బిడ్డ నల్లటి జుట్టు కనిపించింది. దమయంతి చేతులు వాటంతట అవే ముందుకు వెళ్లాయి.

"నువ్వు ముట్టుకోకు అక్కా. నేనే పట్టుకుంట" అంది స్వీటీ.

అలా అన్నవాళ్లు దమయంతికి ఇంతవరకు ఎవరూ తగల్లేదు. చెయ్యి తిరిగిన పనిలో చెయ్యి పెట్టొద్దంటే ఎంత కష్టమో ఆ క్షణంలో తెలిసింది. బిడ్డ జారితే అందుకోవడానికి రెండు అంగుళాల కింద అరచేతులు పెట్టి, ఆపై ముందుకు పోకుండా ఆపుకుంది. మెల్లగా, ఊదు, ఊదుతూ ఉండు అని మాత్రం చెవిలో చెప్పింది. స్వీటీ ఒక చేత్తో సోఫా పట్టుకుని, ఇంకో చెయ్యి కిందికి పోనిచ్చి బిడ్డ తల తడిమింది. భుజాలు వచ్చాయి. రెండు చేతులా పట్టుకుని, జారుతున్న ఆ బిడ్డను తనే పైకి తీసుకుని గుండెలకు అదుముకుంది. ఆడపిల్ల. పుట్టీ పుట్టగానే గదంతా దద్దరిల్లేలా ఏడ్చింది.

దమయంతి ఖాళీ చేతులతో వెనక్కి కూర్చుంది. ఆమెకు ఏడుపొచ్చింది. దాన్ని ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

మాయ పడి, రక్తం ఆగి, తల్లీబిడ్డలను దుప్పట్లో చుట్టి కూర్చోబెట్టేసరికి పన్నెండు దాటింది. రేవంత్ ఖమ్మానికి వీడియో కాల్ కలిపాడు. అక్కడ అర్ధరాత్రి దాటినా స్వీటీ తల్లి సుగుణ నిద్రపోకుండా కూర్చుని ఉంది. మనవరాలిని చూసి ఏడ్చి, నవ్వి, మళ్లీ ఏడ్చి, చివరికి అడగాల్సింది అడిగింది. "కాన్పు ఎవరు చేసిన్రు బిడ్డా? డాక్టరమ్మనా?"

దమయంతి పక్కనే ఉంది. ఫోనులో పడేలా కాస్త జరిగి, కొంగు సర్దుకోబోయి, కొంగు లేదని గుర్తొచ్చి, జుట్టు సర్దుకుంది కూడా.

"ఎవరు చెయ్యలేదమ్మా. నేనే కన్న. నేనే పట్టుకున్న" అంది స్వీటీ.

సుగుణ అలాంటి మాట తన కాన్పుల్లో అనలేదు, తన తల్లి అనగా వినలేదు. గోడ దగ్గరి నుంచి ప్రేరణ వచ్చి, మీ అమ్మతో ఏమన్నావని స్వీటీని ఇంగ్లీషులో అడిగింది. స్వీటీ బిడ్డ మీది నుంచి కళ్లు తిప్పకుండా, నేనే చేసుకున్నానని చెప్పాను అంది.

ప్రేరణ తన బ్యాగులోంచి ఆ కాగితం నకలు తీసి, వంటగది బల్ల మీద పెట్టి, ఆ వరుసలో పాత మాట కొట్టేసి, కొత్త మాట రాసి సంతకం చేసింది. కాగితం దమయంతికి అందిస్తే ఆమె చదవకుండానే మడిచి జేబులో పెట్టుకుంది. జగిత్యాలలో ఆ పదకొండేళ్లూ ఇంటికి పోయేటప్పుడు తల్లులందరూ నీ చేతులు చల్లగుండ అని ఆమె చేతులు కళ్లకద్దుకునేవారు. ఈ పిల్ల ఆమె పేరు కూడా చెప్పలేదు. అంత గర్వం దమయంతి తన జీవితంలో ఇంతకుముందెన్నడూ పడలేదు.